హెడ్‌లైట్లో చెమ్మ: బందరు నుంచి గుడివాడ మీదుగా కోడూరు

కారు కొని రెండు నెలలు తిరక్కుండానే దాన్ని వెనక్కి ఇచ్చేయడానికి బయల్దేరాను. ఈ ప్రయాణానికి అసలు కారణం అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కుడివైపు హెడ్‌లైటు అద్దం లోపల చెమ్మ పట్టింది. మొదట్లో తెల్లవారగానే పల్చగా కనిపించి ఎండెక్కేసరికి పోయేది. వానలు పడ్డాక పోవడం మానేసింది. అద్దం లోపలివైపు బొట్లు బొట్లుగా నిలిచి, కింద అంచున చెంచాడు నీళ్లు చేరి, బ్రేకు వేసినప్పుడల్లా అటూ ఇటూ ఊగేవి. నాకు మొదటినుంచీ ఒకచోట కాలు నిలవదు, మనసు అంతకన్నా నిలవదు. రోజూ పళ్లు తోముకోకముందే వెళ్లి ఆ లైటు ముందు గొంతుక్కూర్చునేదాన్ని. ఎదురింటివాళ్లు నేను కారుకి దణ్ణం పెట్టుకుంటున్నాననుకున్నారట.

లైట్లో చెమ్మ చేరితే కారు వెనక్కి ఇచ్చేస్తారా అని దూరాన ఉన్నవాళ్లకి అనిపించవచ్చు. బందరు చుట్టుపక్కల పెరిగినవాళ్లకి అనిపించదు. ఇక్కడ పాత బండి కొనేవాళ్లు ఇంజిను కన్నా ముందు హెడ్‌లైట్లోకి తొంగిచూస్తారు. వరద నీళ్లలో నిలబడిన బండికి ఎంత రంగేసినా, సీట్లు ఎంత కడిగినా, లైటు మాత్రం నిజం చెప్పేస్తుందని అందరి నమ్మకం. మా ఆఫీసు ముందు కారు ఆపితే చూసినవాళ్లందరిదీ ఒకటే మాట, వరద బండి అంటగట్టారు అని. మా ఆయన రవి ఆ మాటని ఇంటికి తెచ్చుకుని పొద్దునా సాయంత్రం వల్లెవేశాడు.

అమ్మినవాడు ముక్కూ మొహం తెలియని మనిషైతే నాకింత బాధ లేకపోను. అమ్మింది కోడూరు నాంచారయ్య అన్నయ్య. తాతల నాటి నుంచి సముద్రం మీద బతికిన కుటుంబం. ఇప్పుడు సొంత పడవ ఒకటి ఉంచుకుని, మిగతా పడవల దగ్గర చేపలు కొని ఊళ్లకి పంపే వ్యాపారం చేస్తున్నాడు. మా నాన్నగారు ఒకప్పుడు కోడూరు హైస్కూల్లో లెక్కలు చెప్పారు, నాంచారయ్య అన్నయ్య ఆయన దగ్గర చదువుకున్నాడు. చదువు పదో తరగతితో ఆగింది గానీ, మాస్టారి ఇంటికి రావడం మాత్రం ఆగలేదు. మోకాలి నొప్పితో కారు నడపలేక అమ్మేస్తున్నానని అన్నయ్య అన్నప్పుడు, నాంచారయ్య బండైతే కళ్లు మూసుకుని తీసుకోమని నాన్నగారే చెప్పారు. నేను నిజంగానే కళ్లు మూసుకుని తీసుకున్నాను.

నాన్నగారు మాతోనే ఉంటారు. ఆయనకి ఈ చెమ్మ సంగతి తెలియనివ్వలేదు. ముందుగదిలో ఆయన పేపరు చదువుతుంటే, మేము వంటింట్లో గొంతు తగ్గించి హెడ్‌లైటు గురించి పోట్లాడుకునేవాళ్లం. తన శిష్యుడు తన కూతురికే మోసపు బండి అమ్మాడని తెలిస్తే ఆయన ఎవరినీ ఒక్క మాట అనరు. ఇంకెప్పుడూ నాంచారయ్య పేరు ఎత్తరు, అంతే. నలభై ఏళ్ల అభిమానం అలా నిశ్శబ్దంగా పోతుందేమోనన్నదే నా భయం.

చివరికి రవి ఫోన్ చేశాడు. బండి మాకు సరిపడలేదండీ, వెనక్కి తీసుకుంటారా అని అడిగాడు. అవతలి నుంచి ఎందుకన్న ప్రశ్నే రాలేదు. "సరే బాబూ, తీసుకొచ్చేయండి" అని మాత్రం వినిపించింది. ఫోన్ పెట్టేసి రవి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. తప్పు చేయనివాడు ఎందుకని అడగడా అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉందని నాకూ అనిపించింది. అయినా మనసు ఒప్పుకోలేదు. గుడివాడలో కారు లైట్ల పని బాగా చేసే ఎలక్ట్రీషియన్ ఉన్నాడని విన్నాను. ముందు అక్కడ లైటు విప్పించి, సంగతేమిటో తేల్చుకుని, ఆ తర్వాతే కోడూరు వెళ్లాలనుకున్నాను. బందరు నుంచి కోడూరుకి గుడివాడ మీదుగా వెళ్లడమంటే ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టే. అయినా సరే అనుకున్నాను.

శనివారం పొద్దున్న ఆరు దాటాక ఒక్కదాన్నే బయల్దేరాను. రవికి ఆఫీసు పని. కారు అక్కడే వదిలేస్తే తిరిగి బస్సులో రావాలి కాబట్టి, డాష్‌బోర్డు మీది చిన్న వినాయకుణ్ణి కూడా తీసి సంచిలో పెట్టుకున్నాను. బందరు నుంచి పెడన, కవుతరం, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ నలభై కిలోమీటర్ల లోపే. మామూలుగా గంట చాలు. కోతల రోజుల్లో మాత్రం గంటన్నర వేసుకోండి. రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చి ఉంటారు. పెడన దాటాక ఒకసారి, కవుతరంలో టీ కోసం ఒకసారి ఆగాను. టీ సగమే తాగాను. రెండుసార్లూ లైటు ముందుకెళ్లి చూశాను. నీళ్లు అక్కడే ఉన్నాయి, నేను చూస్తే తగ్గిపోతాయా. గుడ్లవల్లేరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ బస్సులు మొదలవకముందే దాటితే మంచిది. వాటి వెనక పడితే గుడివాడ దాకా వాటి వెనకే.

గుడివాడ బస్టాండు దగ్గర హోటల్లో పెసరట్టు ఉప్మా చెప్పాను. అరవై రూపాయలకి రెండు పూటలకి సరిపడా పెట్టారు. అల్లం పచ్చడి బాగుందని గుర్తుంది, తిన్నది ఎంతో గుర్తులేదు. ఎలక్ట్రీషియన్ షాపు తొమ్మిదికి గానీ తీయడని తెలిసి, ఆ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ ఉన్నాను. పక్క మందుల షాపాయన ఎవరికైనా బాగాలేదా అమ్మా అని అడిగాడు. లైటుకి అని చెప్పలేక ఏమీ లేదన్నాను.

ఎలక్ట్రీషియన్ పేరు సత్తిబాబు. మంచి మాటకారి. తాళం తీస్తూనే కారు వైపు ఓ చూపు విసిరి తీర్పు చెప్పేశాడు.

"మేడం, ఇది నీళ్లలో నిలబడిన బండండీ. నేను లైటు చూసి బండి జాతకం చెప్తాను."

విప్పి చూసి చెప్పమన్నాను. బంపర్ కొంచెం వదులు చేసి, పైన ఉన్న బోల్టులు తీసి, వెనక వైరు ఊడదీసి లైటుని బయటికి తీశాడు. తీయగానే కనిపించిన మొదటి సంగతి, బల్బు వెనక ఉండే రబ్బరు మూత వంకరగా కూర్చుంది. ఒక అంచు లోపలికి మడతపడి, వేలు దూరేంత సందు ఉంది. దీన్ని ఎవరు పెట్టారండీ అని అడిగాడు. కారు కొన్న వారంలోనే మా ఆయన ఫోన్లో వీడియో చూసి, పాత బల్బు తీసి తెల్లగా వెలిగేది వేశాడు. ఆ సంగతి చెప్పాను. సత్తిబాబు తల ఊపాడు, ఇలాంటి ఆయన్లని చాలామందిని చూసినట్టు.

తర్వాత లైటుని బోర్లించి నీళ్లు వంచాడు. నీళ్లతో పాటు రెండు ఉబ్బిన తెల్లటి గింజలు అతని అరచేతిలో పడ్డాయి. సత్తిబాబు మొహం వెలిగిపోయింది. పక్క షాపులవాళ్లని కూడా పిలిచి చూపించాడు.

"చూశారా, పొలం నీళ్లు. వరదలో ధాన్యం కొట్టుకొచ్చి లైట్లో దూరింది. ఇంకేం సాక్ష్యం కావాలండీ?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ గింజలు నావి. ఫోన్ నీళ్లలో పడితే బియ్యంలో పెడతాం కదా అని, ముందువారం ఒక చిన్న గుడ్డమూటలో గుప్పెడు బియ్యం కట్టి, బల్బు తీసిన రంధ్రంలోంచి లైట్లో పెట్టాను. ఒక రాత్రి ఉంచి తీసి, వెనక మూత రవి పెట్టినట్టే మళ్లీ పెట్టేశాను. మూట ఎక్కడో వదులై ఉంటుంది. ధాన్యపు గడ్డ మీద పుట్టినవాళ్లకి ఏ రోగానికైనా ముందు బియ్యమే గుర్తొస్తుంది మరి.

"సత్తిబాబు గారూ, వరదలో కొట్టుకొచ్చేవి వడ్లండీ. ఇవి మరపట్టిన సన్నబియ్యం. మా వంటింట్లోవి" అన్నాను.

పక్క షాపువాళ్లు పగలబడి నవ్వారు. సత్తిబాబు కూడా కాసేపు బింకంగా నిలబడి ఇక ఆపుకోలేకపోయాడు. ఆ వారంలో నేను నవ్వడం అదే మొదటిసారి. నవ్వయ్యాక అతనే తెల్లటి గుడ్డ వేలికి చుట్టి లైటు లోపల అడుగంతా తుడిచాడు. వరద నీళ్లు నిలిస్తే సన్నటి ఒండ్రు అంటుకుని ఉండాలి. గుడ్డ తెల్లగానే వచ్చింది. మట్టి లేదండీ అన్నాడు గొంతు తగ్గించి.

అక్కడితో అయిపోయి ఉంటే నేను గుడివాడ నుంచే ఇంటికి తిరిగొచ్చేదాన్ని. కానీ లైటు వెనక, కిందివైపు తిరిగి రెండు చిన్న గాలి రంధ్రాలుంటాయి. ప్రతి కారుకీ ఉంటాయట. లైటు వేడెక్కినప్పుడు లోపలి ఆవిరి వాటి గుండానే బయటికి పోవాలి. మా లైటుకి ఆ రెండూ నల్లటి ముద్దతో మూసుకుపోయి ఉన్నాయి. దానంతట అది పట్టిన మురికి కాదు. ఎవరో వేలితో నొక్కి, అంచులు నున్నగా సర్ది పెట్టినది. సత్తిబాబు స్క్రూడ్రైవరుతో గీకి, ఆ ముక్క నా చేతిలో పెట్టాడు. ఏదో దాచడానికి ఇలా మూశారండీ అన్నాడు.

నేను దాన్ని వాసన చూశాను. గుగ్గిలం. బందరులో పుట్టినవాళ్లు ఆ వాసన మర్చిపోలేరు. గిలకలదిండి వైపు వెళ్తే ఒడ్డుకి లాగిన పడవల పక్కన గుగ్గిలాన్ని నూనెలో కాచి, దూదితో కలిపి పలకల సందుల్లో కూరుస్తుంటారు. హెడ్‌లైటుకి గుగ్గిలం పెట్టే మనిషి బందరు, దివిసీమ మొత్తానికి ఒక్కడే ఉంటాడు. మూసింది నాంచారయ్య అన్నయ్యే. సందేహం లేదు. కానీ ఎందుకు మూశాడు? అంతదాకా నా గొడవ లైటుతో. ఇప్పుడది మనిషి మీదికి తిరిగింది.

లైటు ఆరబెట్టిన పద్ధతి చెప్తాను, మీకు పనికొస్తుంది. వెనక మూత తీసేసి, రంధ్రాలు రెండూ సన్నటి తీగతో శుభ్రం చేసి, తక్కువ వేడి మీద బ్లోయర్‌ని దూరం నుంచి పట్టాడు. మరీ దగ్గరగా పెడితే లోపలి మెరుపు పూత పాడవుతుందట. తర్వాత షాపు ముందు కుర్చీలో, ఎండలో, వెనకభాగం తెరిచి గంటకు పైగా ఉంచాడు. కొందరు నీళ్లు పోవడానికి అద్దానికి కింద సూదితో రంధ్రం పెడతారట, ఆ పని మాత్రం చేయించకండి అని చెప్పాడు. దుమ్మూ నీళ్లూ అటునుంచే మళ్లీ చేరతాయి. కొత్త రబ్బరు మూత వేసి, పనికీ మూతకీ కలిపి ఏడు వందలు తీసుకున్నాడు. కొత్త లైటైతే వేలల్లో ఉంటుంది.

ఆ గంటా నేను కూర్చోలేదు. రవికి ఫోన్ చేసి గుగ్గిలం సంగతి చెప్పాను. ఇంకేం, దొరికిపోయాడు, తీసుకెళ్లి ఎదురుగా పెట్టి అడుగు అన్నాడు. రబ్బరు మూత సంగతి కూడా చెప్పాను. వెంటనే మీటింగు ఉందని పెట్టేశాడు. లైటు బిగించాక అద్దం కడిగిన గాజు గ్లాసులా ఉంది. బాగైపోయింది కదండీ, ఇంకా అంత దూరం ఎందుకు అని సత్తిబాబు అడిగాడు. పనుందన్నాను. ఆ నల్లటి ముక్కని కాగితంలో చుట్టి సంచిలో వినాయకుడి పక్కన పెట్టాను.

గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా కోడూరు డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, రెండు గంటల దారి. పదకొండు దాటాక బయల్దేరాను. చల్లపల్లి దాకా రోడ్డు బాగుంది. మోపిదేవిలో గుడికి వెళ్లాలనుకునేవాళ్లు మధ్యాహ్నం తలుపులు మూయకముందే చేరుకోవాలి. నేను ఆగలేదు, కారులోంచే దణ్ణం పెట్టాను. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివి మొదలు. అక్కడినుంచి గాలి మారుతుంది. అద్దం దించితే పెదాల మీద ఉప్పు తగులుతుంది. ముందు ఒక చేపల వ్యాను ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతోంది. దాన్ని దాటే చోటు లేదు, పక్కన కాలవ. స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ, అడగాల్సిన ప్రశ్నలు పేర్చుకుంటూ పోయాను. రంధ్రాలు మీరే మూశారా? ఎప్పుడు? ఏం కనపడకూడదని? పేర్చిన కొద్దీ అవి నా గొంతులా కాక, పోలీసు గొంతులా వినిపించడం మొదలుపెట్టాయి.

కోడూరులో వాళ్ల ఇంటి ముందు ఆగగానే నాకు మొదట కనిపించింది కారు షెడ్డు. నేను కారు తీసుకెళ్లాక అందులో వలలూ ఐసు పెట్టెలూ పెట్టుకున్నారని తెలుసు. ఇప్పుడు అవన్నీ బయట గోడ పక్కన ఉన్నాయి. షెడ్డు ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. కారుకి చోటు సిద్ధం చేసేశారు. నిజంగానే తెలిసి అమ్మాడని ఆ క్షణంలో పూర్తిగా నమ్మాను.

ఆయన భార్య దుర్గ వదిన బయటికొచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆయన రేవుకెళ్లాడు, కబురు పెడతానంది. మేము చేపలు తినమని ఆమెకి తెలుసు. నేను వస్తున్నానని పొద్దున్నే ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, బంగాళాదుంప వేపుడు చేసి ఉంచింది. వద్దంటే వినలేదు. నేను పప్పన్నం కలిపి కలిపి ముద్దలు చేస్తున్నాను గానీ తినడం లేదు. ఆమె విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"బాబుగారు ఫోన్ చేసిన కాడి నుంచి ఈయనకి నిద్ర లేదమ్మా. లేస్తాడు, షెడ్డులోకెళ్లి నిలబడతాడు, మళ్లీ వచ్చి పడుకుంటాడు. ఏమైందో నాకూ చెప్పడు" అంది.

నాంచారయ్య అన్నయ్య వచ్చాడు. నన్ను పలకరించి, నాన్నగారి ఒంట్లో ఎలా ఉందని అడిగి, నేరుగా కారు దగ్గరికి నడిచాడు. నేను చెయ్యి కడుక్కుని వెనకే వెళ్లాను. నొప్పి కాలు చాపుకుని కష్టం మీద కింద కూర్చుని, కుడి లైటు వెనక చెయ్యి పెట్టి తడిమాడు. ఆయన వేళ్లు ఆ రంధ్రాల దగ్గరే ఆగాయి.

"ఇక్కడ గుగ్గిలం పెట్టాను. ఏమైందమ్మా, ఊడిపోయిందా?"

దారి పొడుగునా పేర్చుకున్న నా ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాటతో పనికిరాకుండా పోయాయి. దాచిన మనిషి అంత తేలిగ్గా చెప్పడు. ఎందుకు పెట్టారన్నయ్యా అని మాత్రం అడగగలిగాను.

"మా దగ్గర బండి షెడ్డులో ఉండేది. మీకు షెడ్డు లేదు, బయట పెట్టుకోవాలి. బందరు గాలి కూడా ఉప్పుగాలే కదా. మీకు ఇచ్చే ముందురోజు కూర్చుని ఎక్కడ సందు కనపడితే అక్కడ పెట్టాను. నా పడవకి కూడా అంత ఓపిగ్గా పెట్టలేదు" అన్నాడు. చెప్తున్నప్పుడు ఆయన మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆ సందులు కావాలని వదిలినవని, ఆవిరి వాటిలోంచే పోవాలని, మా ఇంట్లో బల్బు మార్చినప్పుడు మూత వంకరపోయి నీళ్లు లోపలికి చేరితే, పోయే దారి లేక అక్కడే నిలిచిపోయాయని చెప్పాను. ఆయన లైటు వైపే చూస్తూ విన్నాడు. గర్వం పోయింది. బొటనవేలితో ఆ రంధ్రాల అంచు ఒకసారి తుడిచాడు.

"పడవలోకి నీళ్లొస్తే లోపల మనిషుంటాడమ్మా, తోడేస్తాడు. దీంట్లో మనిషి ఉండడు కదా. ఆ సంగతి నాకు తోచలేదు."

నాకు ఏడుపొచ్చింది. అక్కడే, కారు ముందే. ఏడుపుతోనే అడిగాను, మరి మా ఆయన వెనక్కి తీసుకోమంటే ఎందుకని ఎందుకు అడగలేదని.

"మాస్టారింటికి ఇచ్చిన వస్తువు సరిపడలేదన్నారు. ఎందుకని అడిగితే మీరు చెప్పలేక ఇబ్బంది పడతారు. అడగడం దేనికి?"

ఇంక దాచలేకపోయాను. వరద బండి అనుకున్నామన్నయ్యా అని చెప్పేశాను. గుమ్మంలో నిలబడ్డ దుర్గ వదిన ఊరుకోలేదు.

"నీళ్లొచ్చిన ఏడు ఇంట్లో బియ్యం బస్తాలు తడిసిపోతుంటే వదిలేసి, ఈ బండిని కరకట్ట ఎక్కించాడమ్మా ఈయన. మూడు రోజులు దాంట్లోనే పడుకున్నాడు. మా ఇంట్లో వరద చూడని వస్తువంటూ ఉంటే అదొక్కటే."

నాంచారయ్య అన్నయ్య ఆమె వైపు చూసి ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు, మాస్టారికి తెలుసా అని. తెలియదన్నాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, అలాగే నేలమీదే పక్కకి వాలి కారుకి ఆనుకున్నాడు. అన్ని రాత్రులూ ఆయన్ని షెడ్డులో నిలబెట్టింది ఆ ప్రశ్నేనని నాకు అప్పుడు అర్థమైంది. ఇద్దరం ఒకే మనిషికి భయపడి, చెరో ఊళ్లో నిద్ర మానుకున్నాం.

ఎడమ లైటుకి పెట్టిన గుగ్గిలం ఆయనే మేకు తీసుకుని తీశాడు. మెల్లగా, ఎక్కడా గీత పడకుండా గీకి, ముక్కల్ని పారేయకుండా అరచేతిలో పోగుచేశాడు. పడవకి పనికొస్తాయన్నాడు. నేను వెళ్లి చల్లారిన పప్పన్నం మొత్తం తిన్నాను, వేపుడు రెండోసారి వేయించుకున్నాను. ఎండ తగ్గకముందే బయల్దేరమని ఇద్దరూ తొందరపెట్టారు. సంచిలోంచి వినాయకుణ్ణి తీసి డాష్‌బోర్డు మీద పెట్టాను. కారు కదిలేటప్పుడు అద్దంలో చూస్తే, దుర్గ వదిన వలలు ఒక్కొక్కటే తిరిగి షెడ్డులోకి మోస్తోంది.

కోడూరు నుంచి అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు అరవై కిలోమీటర్ల చిల్లర. మసకచీకటి పడే వేళకి చల్లపల్లి దాటాను. లైట్లు వేస్తే రోడ్డు, పక్కన కాలవ గట్టు, దాని మీద ఆరేసిన గడ్డి మోపులు అన్నీ తేటగా కనిపించాయి. ఆ రోజు మొత్తానికి పెట్రోలు వెయ్యిలోపే అయింది. ఇంటికి రాగానే నాన్నగారి దగ్గర కూర్చుని మొదటి నుంచి అంతా చెప్పాను. బియ్యం మూట దగ్గర నవ్వారు. గుగ్గిలం దగ్గర కళ్లజోడు తీసి మరీ నవ్వారు. వరద బండి అనుకున్నాం అన్న చోటికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఆయన ఎందుకని కూడా అడగలేదు నాన్నగారూ, అందుకే మాకు అనుమానం బలపడింది అన్నాను. నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. "వాడు అడగలేదు, సరే. నువ్వెందుకు అడగలేదు?" అన్నారు. అది అడగడానికే రోజంతా దగ్గర దగ్గర నూట డెబ్బై కిలోమీటర్లు తిరిగొచ్చాను.

ఈ దారిలో వెళ్లేవాళ్లకి, వెళ్లకపోయినా హెడ్‌లైట్లో చెమ్మ పట్టినవాళ్లకి ఒక్క సలహా. తెల్లవారగానే పల్చగా మంచులా పట్టి, లైటు వేసిన పావుగంటకి పోతే కంగారు పడకండి, అది మామూలే. బొట్లుగా నిలిస్తే ముందు వెనక రబ్బరు మూత సరిగా కూర్చుందో లేదో, కింద గాలి రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. మూసి ఉంటే తీయించే ముందు, మూసిన మనిషికి ఒక ఫోన్ చేసి ఎందుకు మూశారని అడగండి.